డౌన్‌టన్ యాబీ ఆఖరి సినిమా: రెండోది చూపించకుండా నేరుగా మూడోది చూపించొచ్చా?

వన్‌టౌన్ కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా ప్రశ్న కొంచెం వింతగా ఉంటుంది. నవ్వుకోండి, కానీ నవ్వుకున్నాక జవాబు చెప్పండి. డౌన్‌టన్ యాబీ అని ఒక ఇంగ్లీషు దొరల కుటుంబం, వాళ్ళ నౌకర్ల కథతో వచ్చిన బ్రిటిష్ సీరియల్ ఉంది, దాని తర్వాత మూడు సినిమాలు వచ్చాయి. వాటిలో రెండోది దాటేసి, 2025 సెప్టెంబరులో వచ్చిన ఆఖరిది, అదే ‘ద గ్రాండ్ ఫినాలే’, మా అత్తగారికి నేరుగా చూపించొచ్చా? ఆ ఇంటి పెద్ద దొరసాని రెండోదాంట్లో చనిపోయిన సంగతి ఆవిడకి తెలియకుండా నెట్టుకురావచ్చా? నేనింకా మూడోది చూడలేదు. కథ చెప్పేస్తారని భయం లేదు, చెప్పేయండి, నాకు కావలసింది అదే.

మొదట్నుంచి చెప్తాను. మా అత్తగారికి 84 ఏళ్ళు. పుట్టింది, చదివింది, కాపురం చేసింది అంతా విశాఖపట్నం వన్‌టౌన్‌లోనే. 2009లో ఆ ఇల్లు అమ్మేసి ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాట్‌కి వచ్చాం. ఇప్పటికీ ఆవిడ దీన్ని ‘మీ ఇల్లు’ అంటారు. 2020 లాక్‌డౌన్‌లో తెలుగు సీరియళ్ళ షూటింగులు ఆగిపోయి చూసిన భాగాలే మళ్ళీ వేస్తుంటే, ఏదో ఒకటి పెట్టు అన్నారు. నేను డౌన్‌టన్ పెట్టాను. రెండు మాటలకోసారి రిమోట్ నొక్కి ఆపడం, తెలుగులో చెప్పడం, మళ్ళీ నొక్కడం. గంట లోపు అయిపోవలసిన భాగం మాకు రెండు గంటలు పట్టేది. ఆరు సీజన్లు, మొత్తం 52 భాగాలు. లెక్క మీరే వేసుకోండి.

ఇంగ్లీషు పేర్లు ఆవిడ నోటికి తిరగవు. అందుకని అందరికీ నామకరణం చేసేశారు. మేరీ పెద్దమ్మాయి, ఈడిత్ నడిపమ్మాయి, సిబిల్ చిన్నమ్మాయి. వాళ్ళమ్మ కోరా ‘అమెరికా కోడలు’. సిబిల్‌ని చేసుకున్న బ్రాన్సన్ ‘డ్రైవరల్లుడు’. కార్సన్ ‘పెద్ద నౌకరు’. ఇంకో నౌకరు బారోకి పెట్టిన పేరు ఇక్కడ రాయలేను. దొరగారి తల్లిగా మ్యాగీ స్మిత్ వేసిన వయొలెట్ మాత్రం మొదటి రోజు నుంచీ ‘పెద్ద దొరసాని’. వారాంతం అంటే ఏమిటని ఆవిడ భోజనాల బల్ల దగ్గర అడిగే సన్నివేశం గుర్తుందా? అది ఎందుకు నవ్వొచ్చే మాటో నేను విప్పి చెప్పబోతే, ‘నాకూ తెలీదే అది, ఇందులో నవ్వడానికేముంది’ అన్నారు. రోజూ వంటింట్లో ఉన్న మనిషికి శనాదివారాలేమిటని. నేను నోరు మూసుకున్నాను.

కథలో కీలకం ఏమిటంటే, 1912లో టైటానిక్ మునిగి వారసుడు పోతాడు, ఇంట్లో ముగ్గురూ ఆడపిల్లలే, ఆస్తంతా ముక్కూ మొహం తెలియని దూరపు దాయాదికి వెళ్ళిపోతుంది. ఈ మెలిక మా అమ్మాయికి మూడుసార్లు చెప్పినా ఎక్కలేదు. అత్తగారికి అర నిమిషం పట్టింది. ‘దత్తత తెచ్చుకోలేకపోయారూ?’ అన్నారు. అక్కడ అలా కుదరదంటే, ‘ఏం దొరలే వీళ్ళు’ అని పెదవి విరిచారు.

మొదటి సినిమా 2021లో చూశాం. అందులో ఐదో జార్జి, మేరీ రాణి డౌన్‌టన్‌కి విడిదికి వస్తారు. ఆ గడ్డం చూసి, ‘ఇతనేనా మన కేజీహెచ్ జార్జి?’ అన్నారు, మా ఊరి పెద్దాసుపత్రి కింగ్ జార్జ్ హాస్పిటల్‌ని తలుచుకుని. ఇతనే అన్నాను. రాణి వచ్చేసరికి ఆవిడ సోఫాలో సర్దుకుని కూర్చున్నారు. ఎందుకంటే ఆవిడ చదివింది వన్‌టౌన్ క్వీన్ మేరీ హైస్కూల్లో. ‘మా బడి పేరు ఈవిడదే’ అని ఆ వారమంతా ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పారు, ఏదో రాణిగారితో కలిసి చదువుకున్నట్టు.

ఇప్పుడు తప్పు నాది. రెండో సినిమా 2022లో నేను రాత్రి ఒక్కదాన్నే చూశాను. చివర్లో పెద్ద దొరసాని పోతుంది. అప్పటికి అత్తగారికి తుంటి ఆపరేషన్ అయి రెండు నెలలు. మనిషి మంచం మీద, మనసు అదోలా. అదే ఊళ్ళో ఉన్న ఆవిడ చెల్లెలు కూడా ఆ వేసవిలోనే పోయారు. ‘రెండోది వచ్చిందిటే?’ అని అడిగితే, ‘ఇంకా తీస్తున్నారు అత్తయ్యా’ అన్నాను. అబద్ధం ఒకసారి ఆడితే దానికి తిండి పెట్టి పెంచాలి కదా. 2024 సెప్టెంబరు 27న మ్యాగీ స్మిత్ నిజంగానే పోయారు. మర్నాటి పేపరు నేను తీసి బీరువా మీద పడేశాను. ఆవిడ అడిగితే పేపరబ్బాయి వెయ్యలేదన్నాను. ఆ పిల్లాడికి తిట్లు కూడా పడ్డాయి.

మొన్న అమెరికా నుంచి మా అబ్బాయి వీడియో కాల్‌లో, ‘నానమ్మా, మీ దొరల సినిమా ఆఖరిది వచ్చేసింది తెలుసా’ అన్నాడు. అంతే. రోజుకి రెండుసార్లు అడుగుతున్నారు. నా ఆలోచన ఏమిటంటే, రెండోది అసలు లేదని, ఇదే రెండోదని చెప్పి పెట్టేయడం. పెద్ద దొరసాని ఏదంటే కాశీకి వెళ్ళిందని చెప్తాను. మా ఆయన, ‘కాశీకేమిటి, ఫ్రాన్సుకి అను, కనీసం నమ్ముతుంది’ అంటున్నారు. చూసినవాళ్ళు చెప్పండి, కుదురుతుందా?

గాజువాక బాబాయ్

కుదరదమ్మా. కాశీ కాదు, కేదారం పంపినా కుదరదు. మూడో సినిమాలో హాల్లో అడుగు పెడితే ఎదురుగా పెద్దావిడ పటం ఉంటుంది. మనిళ్ళల్లో గోడ మీదకి అంత పటం ఎక్కిందంటే అర్థమేటో 84 ఏళ్ళ మనిషికి ఎవరైనా చెప్పాలేటి? దండొక్కటే తక్కువ.

ఆఖర్న మ్యాగీ స్మిత్‌కి అంకితం అని కూడా వేస్తారు. అది ఇంగ్లీషు కాబట్టి దాటెయ్యొచ్చు. పటాన్ని ఎలా దాటేస్తారు, టీవీకి అడ్డంగా నిలబడతారా?

పేపరబ్బాయికి మాత్రం ఒక కాఫీ బాకీ ఉన్నారు మీరు.

టైంటేబుల్ తాతయ్య

నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు ఏ బండైనా వరస తప్పితే తోచదు. కాబట్టి వరస చెప్తాను.

సీరియల్ 2010 సెప్టెంబరులో మొదలై 2015 క్రిస్మస్‌తో ముగిసింది. మొదటి సినిమా 2019లో వచ్చింది, కథాకాలం 1927. రెండోది 2022, కథ 1928. మూడోది 2025, కథ 1930. రాసింది మూడిటికీ జూలియన్ ఫెలోస్‌. రెండోదానికీ మూడోదానికీ దర్శకుడు సైమన్ కర్టిస్.

రెండోది దాటేస్తే మూడోదాంట్లో మీరు ప్రతి పది నిమిషాలకీ ఆపి వివరణ ఇవ్వాలి. గై డెక్స్టర్ అనే సినిమా హీరో ఎవరు? మీ అత్తగారు పేరు పెట్టిన ఆ బారో అతని కూడా ఎందుకున్నాడు? మోల్స్లీ బడిపంతులు కాస్తా సినిమా రచయిత ఎప్పుడయ్యాడు? ఇవన్నీ రెండోదాంట్లో జరిగినవే. అప్పుడు ఒక అబద్ధం కాదు, పది ఆడాలి. మీ ఓపిక చూస్తే ఆడగలరనే అనిపిస్తోంది గానీ, పదోదానికి వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు.

పైగా రెండోది ఏడుపు సినిమా కాదు. ముప్పాతిక వంతు సరదాగానే నడుస్తుంది. ఇంటి కప్పు కారుతోందని, మరమ్మతుకి డబ్బు కావాలని, ఆ ఇంట్లో సినిమా షూటింగుకి ఒప్పుకుంటారు. తీస్తున్నది మూకీ. మధ్యలో టాకీల గాలి వచ్చి, మాటలు పెట్టకపోతే సినిమా కొనేవాడు ఉండడంటారు. హీరోయిన్ చూడ్డానికి అప్సరస, నోరు విప్పితే అంతే సంగతులు. చివరికి మేరీ తెర చాటున మైకు దగ్గర నిలబడి ఆవిడకి మాటలు చెప్తుంది. డబ్బింగన్న మాట! మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది 1932లో, అంటే ఈ కథకి నాలుగేళ్ళ తర్వాత. మీ అత్తగారికి ఆ భాగం నచ్చకపోతే నన్నడగండి.

ఇంకో సంగతి. మొదటి సినిమా చివర్లో నృత్యాల మధ్య పెద్దావిడ మేరీని పక్కకి పిలిచి, లండన్‌లో డాక్టర్లకి చూపించుకున్నానని, ఎంతో కాలం లేదని చెప్తుంది కదా. మీ అత్తగారు అది చూశారన్నారు. మరి ఆవిడకి సగం తెలిసినట్టే.

మూడోదాని గురించి రెండు ముక్కలు. మేరీ విడాకులు తీసుకుని ఉంటుంది. దానితో ఊళ్ళో పెద్దవాళ్ళు మొహం చాటేస్తారు. ఒక విందులో రాజకుటుంబం వాళ్ళు వస్తున్నారని ఈవిణ్ణి వెళ్ళిపొమ్మంటారు. ఇది సినిమా కోసం పెంచింది కాదు. 1923 చట్టంతో అక్కడ భార్య కూడా వ్యభిచారం ఒక్క కారణం మీద విడాకులు కోరే వీలు వచ్చింది. అయినా రాజుగారి కొలువులో విడాకులైన ఆడదానికి చోటు లేదు. కథ జరిగిన ఆరేళ్ళకి, 1936లో, ఎనిమిదో ఎడ్వర్డ్ విడాకులైన ఆవిణ్ణి చేసుకుంటానని సింహాసనమే వదులుకోవలసి వచ్చింది. మన దగ్గర హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. ఇవన్నీ మీ అత్తగారికి చెప్పక్కర్లేదు, నాకు చెప్పాలనిపించింది.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. ఆ ఇల్లు హైక్లియర్ కోట, నిజంగా ఒక లార్డుగారిది. 1922లో టుటన్‌ఖామన్ సమాధి తవ్వకానికి డబ్బు పెట్టిన కార్నార్వన్ వాళ్ళ ఇల్లే. కానీ సీరియల్లో కింద వంటిల్లు, నౌకర్ల గదులు లండన్‌లోని ఈలింగ్ స్టూడియోలో వేసిన సెట్టు. అంటే కుర్రాడు పళ్ళెం పట్టుకుని మెట్లెక్కేది ఒక చోట, భోజనాల గదిలోకి అడుగు పెట్టేది ఇంకో చోట.

వన్‌టౌన్ కోడలు

తాతయ్యగారూ, మీరు మొదటి సినిమా చివరి సన్నివేశం గుర్తు చేసేసరికి నాకు చెమట పట్టింది. ఎందుకో చెప్పేస్తాను, ఇక్కడ నన్నెవరూ ఎరగరు కదా.

ఆ మాటలకి నేను తెలుగులో, ‘లండన్ డాక్టరు ఆవిడకి బీపీ మాత్రలు మార్చాడట’ అని చెప్పాను. 1927లో బీపీ మాత్రలు! ‘మరి ఆ పిల్ల ఎందుకేడుస్తోంది’ అని అత్తగారు అడిగారు. ‘మాత్రలు ఖరీదుట’ అన్నాను.

మీరు చెప్పిన ఈలింగ్ సంగతి మాత్రం చెప్పాను. ‘అదీ, అందుకే అన్నం చల్లారిపోయి ఉంటుంది వీళ్ళకి’ అన్నారు. ఎప్పట్నుంచో ఆవిడకి ఆ బాధ ఉంది, అంత దూరం మోసుకొస్తే పులుసు వేడి ఎక్కడుంటుందని.

కురుపాం మార్కెట్ వెనక వీధి

అందరూ ముచ్చట పడుతున్నారు కాబట్టి ఒక్క పుల్లవిరుపు మాట. తిట్టుకోకండి.

నేను మూడోది చూశాను. బాగా తీశారు, కాదనను. కానీ మా తాత ఒక ఎస్టేటు కింద రైతు. జమీందారు పేరు వద్దు. దివాణం అనే మాట మా ఇంట్లో ముచ్చటగా పలికేది కాదు. పంట కళ్ళంలో ఉండగానే దివాణం మనిషి వచ్చి కూర్చునేవాడు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా అదే బతుకు. ఈ సినిమాలో ఎస్టేటు అంటే ఎప్పుడూ హాలు, భోజనాల బల్ల, గుర్రాలు. కౌలు రైతులు ఎక్కడో పొలిమేరలో టోపీ తీసి నిలబడతారు.

1929లో అమెరికా షేర్ మార్కెట్ కూలింది. దాని దెబ్బకి లోకమంతా పస్తులుంది. సినిమాలో ఆ సంగతి ఎలా వస్తుందంటే, కోరా తమ్ముడు హెరాల్డ్ ఒక మోసగాడి మాట విని వాళ్ళమ్మ ఆస్తి పోగొట్టాడని. అంతే. పోయిందల్లా లండన్‌లో ఉన్న రెండో ఇల్లు. ఆ ఇల్లు అమ్మాలా వద్దా అని దొరగారి బెంగ. నాకైతే కళ్ళు చెమర్చలేదు.

నచ్చింది ఒక్కటే, కౌంటీ సంత కమిటీ. అక్కడ వంటింటి డైసీని, పెద్ద నౌకరు కార్సన్‌నీ తీసుకొచ్చి దొరలతో సమానంగా కుర్చీల్లో కూర్చోబెడతారు. ఒక సర్‌గారు మొహం ముడుచుకుంటాడు. సినిమా అంతా అదే ఉంటే బాగుండేది. మీ అత్తగారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

గాజువాక బాబాయ్

వెనక వీధి తమ్ముడూ, నువ్వన్నది నిజమే. కానీ చీరల కోసం సీరియల్ చూసే దేశంలో ఉండి గుర్రాలు చూపించారని కోప్పడితే ఎలాగ?

ఆరిలోవ సిస్టర్

పెద్దవాళ్ళ వార్డులో పనిచేస్తాను. చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. నేను పని మాట చెప్తాను. రెండూ రెండేసి గంటల పైన సినిమాలు. మీ పద్ధతిలో అయితే నాలుగేసి గంటలు. ఒక్క రోజులో చూపించకండి. తుంటి ఆపరేషన్ అయిన మనిషిని గంటకోసారి లేపి నాలుగడుగులు వేయించండి. చావు సన్నివేశం రాత్రి పడుకునే ముందు వద్దు. సాయంత్రం టిఫినయ్యాక, ఇంట్లో మనుషులు మసులుతున్నప్పుడు పెట్టండి. సుగర్ ఉంటే పక్కన మరమరాలో ఏవో పెట్టుకోండి. నీళ్ళు ఎక్కువ తాగించకండి, సరిగ్గా ఆ సమయానికి బాత్రూమ్‌కి లేస్తారు.

వన్‌టౌన్ కోడలు

పన్నెండు రోజులైంది. అందరూ అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను.

కాశీ మాట మానేశాను. కాఫీ ఇచ్చి, ‘అత్తయ్యా, రెండోది ఎప్పుడో వచ్చింది, నేనే చెప్పలేదు’ అన్నాను. ఎందుకని అడగలేదు. ‘పెట్టు’ అన్నారు. సిస్టర్‌గారు చెప్పినట్టు సాయంత్రాలు మూడుగా పంచుకున్నాం.

తాతయ్యగారూ, డబ్బింగ్ భాగం మీరన్నట్టే అయింది. రెండుసార్లు వేయించుకున్నారు. మేరీ మైకు దగ్గర నిలబడి చెప్తుంటే, ‘నువ్వు నాకు చేసేది ఇదే కదే’ అన్నారు. నేను ఇదివరకు ఎప్పుడూ అలా అనుకోలేదు. అయితే నా డబ్బింగ్‌లో బీపీ మాత్రలు కూడా ఉన్నాయని ఆ రోజుకి చెప్పలేదు.

మూడో సాయంత్రం పెద్ద దొరసాని మంచం దగ్గరికి వచ్చాం. అందరూ చుట్టూ ఉన్నారు. నేను రిమోట్ పట్టుకుని ఆవిడ మొహం చూస్తున్నాను, తెర చూడ్డం లేదు. పనిమనిషి డెంకర్ మంచం పక్కన గొల్లుమంటుంది, దొరసాని ఆ చివరి నిమిషంలో కూడా దాన్ని కసురుతుంది. అత్తగారు నవ్వారు. తర్వాత ఊరేగింపు, అంతా అయిపోయింది. నేను నీళ్ళ గ్లాసు అందించాను. తాగి, గ్లాసు నా చేతికిచ్చి, అడిగిందేమిటో తెలుసా?

‘ఇప్పుడా డెంకర్‌ని ఎక్కడుంచుతారు?’

నేను తెల్లబోయాను. ‘ఏమో అత్తయ్యా, చూపించలేదు’ అన్నాను. ‘కాస్త వెనక్కి తిప్పు, ఆఖర్న ఎక్కడ నిలబడిందో చూద్దాం’ అన్నారు. తిప్పాను. దొరసాని కోసం మూడేళ్ళు నేను పడ్డ టెన్షన్ అంతా వృథా. ఆవిడ దిగులు ఆ పనిమనిషి మీద.

ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పుకొచ్చారు. వాళ్ళ నాన్నగారు విశాఖపట్నంలో ఒక జమీందారు బంగళాలో గుమాస్తా అని నాకు తెలుసు. ఆ పని ఎలా పోయిందో తెలీదు. 1948 చట్టం తర్వాత ఎస్టేటు సర్కారుకి స్వాధీనమైంది. బంగళా మూసేశారు. అప్పటికి ఈవిడకి ఏడెనిమిదేళ్ళు. జమీందారుకి నష్టపరిహారం వచ్చింది, రైతులకి పట్టాలు వచ్చాయి. గుమాస్తాలకీ వంటవాళ్ళకీ ఏ చట్టంలోనూ ఏమీ రాయలేదు. మూడు నెలల జీతం బాకీ. దాని కింద ఆయనకి బంగళా హాల్లోని గోడ గడియారం ఇచ్చారట. రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారట, లోలకం కొట్టుకోకుండా ఉత్తరీయం చుట్టి. మా హాల్లో పదకొండుంపావు దగ్గర ఆగిపోయి ఉన్న గడియారం అదే. పెళ్ళై వచ్చిన 31 ఏళ్ళలో దాన్ని నేను కనీసం మూడుసార్లు పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నాను.

వెనక వీధి తమ్ముడూ, నువ్వు రైతు వైపు నుంచి చెప్పావు, ఆవిడ గుమాస్తా వైపు నుంచి చెప్పారు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలాసేపు పోట్లాడుకుంటారు. నీ మాట చదివి వినిపించాను. ‘కళ్ళంలో కూర్చునేవాడికి కూడా ఆ నెల జీతం వచ్చిందో లేదో కనుక్కోమను’ అన్నారు.

తర్వాత మూడోది. పటం చూడగానే, ‘బాగా వేశారు, ముక్కు కుదిరింది’ అన్నారు. గాజువాక బాబాయ్‌గారూ, అంతే, మీరు ఊహించినంత ఏమీ జరగలేదు. మేరీ విడాకులు ఆవిడకి పెద్ద విషయంగా తోచలేదు. ‘ఆ కార్ల వాడు మొదట్నుంచీ ఇంటిపట్టున ఉండే రకం కాదు’ అని తేల్చేశారు. ఆ విందు నుంచి వెళ్ళిపొమ్మన్నప్పుడు మాత్రం, పిలిచి పొమ్మనే ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదన్నారు.

లండన్ ఇల్లు అమ్మేసి దొరగారు ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళే చోట మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పైన ఒకరు, కింద ఒకరు, మధ్యలో మనం అన్న సంగతి ఆయనకి బుర్రకెక్కదు. సరిగ్గా అప్పుడే మా పై ఫ్లాట్ వాళ్ళు ఏదో గట్టిగా ఈడ్చారు. అత్తగారు కప్పు వైపు వేలు చూపించి, ‘చెప్పు ఆయనకి’ అన్నారు. 2009లో ఆవిడ ఒక్క మాట అనకుండా వన్‌టౌన్ నుంచి వచ్చేశారని నేను అందరికీ గొప్పగా చెప్తుంటాను. అనకపోవడం, అనడానికి ఏమీ లేకపోవడం ఒకటి కాదని ఆ వేలు చూశాక తెలిసింది.

చివర్లో దొరగారు, అమెరికా కోడలు ఇల్లు పెద్దమ్మాయికి అప్పగించి, పెద్ద దొరసాని ఉన్న ఆ చిన్న ఇంటికి మారతారు. కార్సన్ బాధ్యత కుర్ర నౌకరు ఆండీకి వెళ్తుంది, వంటిల్లు పెద్ద వంటావిడ ప్యాట్‌మోర్ నుంచి డైసీకి. మేరీ ఒక్కతే హాల్లో నిలబడి పాతవాళ్ళని తలుచుకుంటుంది, పోయిన మొదటి మొగుడు మాథ్యూ, చిన్నమ్మాయి, పెద్ద దొరసాని కనిపిస్తారు. నేను ఏడ్చాను, దాచేదేముంది. అత్తగారు ఏడవలేదు. కార్సన్ విషయంలో ఆవిడకి తృప్తి లేదు. ‘పెళ్ళాం ఇంకా పనిలో ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయనకి చేతిలో ఏదైనా పెట్టారా అని రెండుసార్లు అడిగారు. ‘పెట్టే ఉంటారు అత్తయ్యా’ అన్నాను. ‘నువ్వు చెప్తున్నావా, వాళ్ళు చెప్పారా?’ అన్నారు. నా డబ్బింగ్ మీద నమ్మకం పోయినట్టుంది. అప్పుడే బీపీ మాత్రల సంగతి కూడా చెప్పేశాను. ‘ఆ రోజే అనుకున్నాను, మాత్రలకి ఎవరైనా ఏడుస్తారా’ అన్నారు.

నిన్న గడియారం రిపేరుకి ఇచ్చాం. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక పెద్దాయన చూస్తానన్నారు, స్ప్రింగు దొరకాలి అన్నారు.

ఒక్క సాయం చేయండి. పెద్ద దొరసాని దగ్గర స్ప్రాట్ అని ఇంకో నౌకరు ఉండేవాడు కదా, ఈడిత్ పత్రికలో ఆడపేరుతో సలహాలు రాసేవాడు. అతను మూడు సినిమాల్లోనూ కనిపించలేదు. అతనేమయ్యాడో ఎక్కడైనా ఒక్క మాటైనా అన్నారా? అత్తగారు పొద్దున్న లేవగానే అడిగారు. ఈసారి నేను సొంతంగా ఏమీ చెప్పదల్చుకోలేదు.

టైంటేబుల్ తాతయ్య

ఆరో సీజన్ మళ్ళీ మొదట్నుంచి పెడుతున్నాను. రెండు రోజులు ఆగండి.